నిజమైన ఒక్క ఫోను

మంగళవారం మధ్యాహ్నం కేబుల్ టీవీలో తన కార్యక్రమానికి వచ్చిన ఒక్క ఫోను ఇంత దూరం తెస్తుందని కృపాజ్యోతి అనుకోలేదు. చేసినావిడ పేరు బుల్లమ్మ. గవరపాలెంలో చెల్లెలింట్లో ఉండి మాట్లాడుతున్నానంది. దేవరాపల్లి అవతల ఒక రాతి క్వారీలో పనిచేసే తన భర్త పైడిరాజు నలభై రోజులుగా ఇంటికి రాలేదంది. వెళ్లి అడిగితే కాంట్రాక్టరు మనుషులు "నీ మొగుడు ఎక్కడికో పారిపోయేడు" అని గేటు దగ్గరే నెట్టేశారంది. అతను కనిపించకుండా పోయిన రోజే క్వారీలో పెద్ద చప్పుడైందని చుట్టుపక్కల వాళ్లు అనుకుంటున్నారని చెప్పి ఏడ్చేసింది.

కృపాజ్యోతి కెమెరా వైపు తిరిగి, రాసుకోని మాటలు ఐదు నిమిషాలు మాట్లాడింది. "మేక తప్పిపోతే వీధి వీధీ తిరుగుతాం. మనిషి తప్పిపోతే గేటు వేసుకుంటామా?" అని అడిగింది. బుధవారం పొద్దుటికి ఊళ్లో మూడు స్తంభాల దగ్గర కేబుల్ వైర్లు తెగి వేలాడుతున్నాయి. గురువారం ఇంకో రెండు చోట్ల. శుక్రవారం పదకొండు గంటలకి కేబుల్ యజమాని తాతబ్బాయి ఆమెను తన గదికి రమ్మని కబురు పెట్టాడు.

ఆ గది ఒకప్పుడు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు. గోడ బీరువాల్లో ఖాళీ క్యాసెట్ డబ్బాలు ఇప్పటికీ అలాగే పేర్చి ఉన్నాయి. తాతబ్బాయికి యాభై దాటాయి. మెడలో రుద్రాక్ష, జేబులో రెండు పెన్నులు, ఎదురుగా సగం తాగి వదిలేసిన టీ. ఎప్పుడూ "రండి రండి మేడం" అని ఎదురొచ్చే మనిషి, ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు. టైపు చేసిన కాగితం ఒకటి బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

"ఇది ఇయ్యాల పోగ్రాంలో సదివీండి మేడం. రెండే లైన్లు."

కృపాజ్యోతి కళ్లజోడు పెట్టుకుని చదివింది. మంగళవారం తమ కార్యక్రమంలో వచ్చిన ఫోను కల్పితమని తేలిందని, దానివల్ల నొచ్చుకున్న పెద్దలకు క్షమాపణలని ఉంది.

"కల్పితమని ఎవరు తేల్చారండి?"

"నానే తేల్చేను."

"బుల్లమ్మని కలిశారా?"

"కలవక్కర్లేదండి."

"మరెలా తేల్చారు?"

తాతబ్బాయి టీ గ్లాసు ఇటు జరిపాడు, అటు జరిపాడు. "వైర్లు కోసేత్తన్నారండి. పోలీసోల్ల కాడికెల్తే ఎవుల మీద కంప్లైంటిత్తావు అంటన్నారు. నిన్న ఒకలొచ్చి, తాతబ్బాయిగారూ, స్తంభాలు బోల్డున్నాయి, మీకున్నోళ్లు నలుగురు లైన్‌మేన్లే కదా అని నవ్వేసి ఎల్లిపోయేడు. పాతికేళ్లుగా ఒక్కొక్క ఇంటికీ ఎక్కి దిగి తీగ లాగేనండి నాను. మొదట్లో నా తమ్ముడూ లాగేవోడు, ఆడూ ఎల్లిపోయేడు."

"మీ భయం నాకు అర్థమవుతోంది. కానీ ఆవిడ ఏడుపు నేను విన్నాను. అది కల్పితం కాదు."

"ఎలాగ సెప్పగలరు?"

"పదకొండు వారాల నుంచి రోజూ నలుగురైదుగురితో మాట్లాడుతున్నాను. ఆ మాత్రం గొంతు పోల్చుకోలేనా?"

ఆ మాటకి తాతబ్బాయి తలెత్తి ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉండి ఉంటే బాగుండేదని తర్వాత ఆమెకి అనిపించింది.

"మేడం," అన్నాడు నెమ్మదిగా, "మన పోగ్రాంకి ఫోన్లు రావండి."

"రాకపోవడమేమిటి?"

"అయ్యన్నీ మనం సేయించినియ్యి. మొదటి వారం మూడ్రోజులు మీరు రిసీవరు కేసి సూత్తా కూకున్నారు, గేపకం ఉందా? ఒక్కలు సెయ్యలేదు. ఇంక ఆపేద్దామని నానన్నాను. రూఫస్ ఒచ్చి, నాలుగ్రోజులు ఓపిక పట్టండి బాబూ, నాను సూసుకుంటాను అన్నాడు. గురువారం నించి మోగడం మొదలెట్టింది. ఒంటిగంటకి సగం ఊళ్లో కరెంటుండదు మేడం. కరెంటున్న సగంలో ఆడోళ్లు సీరియల్ సూసుకుంటారు. మన వార్తలు ఎవులు సూత్తారు సెప్పండి?"

కృపాజ్యోతి నవ్వబోయింది. పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు.

"ఇయ్యాల్టితో పోగ్రాం ఆపేత్తన్నాను," అన్నాడు తాతబ్బాయి, ఈసారి గోడకేసి చూస్తూ. "సోమవారం నించి ఆ టైంలో పాటలు. ఆ రెండు లైన్లూ సదివేసి, అందరికీ నమస్కారం సెప్పీండి. మీకూ గౌరవం, నాకూ గౌరవం. నాను ఇంటికెల్లి భోంచేత్తా సూత్తాను."

ఆమె కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుని లేచింది.

*

కృపాజ్యోతికి నలభై మూడేళ్లు. పెళ్లి చేసుకోలేదు. పదిహేడేళ్లు ఒక ఎయిడెడ్ స్కూల్లో తెలుగు చెప్పింది. తెలుగు మీడియం సెక్షన్లు ఎత్తేసినప్పుడు ఆమె ఉద్యోగమూ పోయింది. ఆ తర్వాత రెండేళ్లు మంచం పట్టిన తల్లికి చాకిరీ చేసింది. ఈస్టరు ముందు వచ్చే శ్రమకాలపు రోజుల్లో తల్లి చనిపోయింది. అప్పటి నుంచి ఆ రెండు గదుల ఇంట్లో ఆమె నోరు విప్పి మాట్లాడవలసిన అవసరమే లేకుండా పోయింది. పాలవాడు గేటుకి సంచీ తగిలించి పోతాడు. పక్కింటివాళ్లు విశాఖపట్నంలో ఉద్యోగాలు చేసి రాత్రికి గానీ రారు. ఒక్కోసారి ఆదివారం చర్చిలో పాట అందుకోబోతే గొంతు జీరపోయేది. వారమంతా వాడని గొంతు కదా.

తాతబ్బాయి ఒక పెళ్లి వీడియో తీయించడానికి చర్చికి వచ్చి, ఆమె బైబిలు వాక్యం చదవడం విన్నాడు. "మీ గొంతు బాగుంది మేడం, మా ఛానెల్లో వార్తలు సదువుతారా?" అని అడిగాడు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు, రెండు రోజులు ప్రార్థన చేసుకుంది. జూన్ నెలాఖరులో 'ఒంటిగంట మాట' మొదలైంది. పావుగంట ఊరి వార్తలు, ఐదు నిమిషాలు ఆమె సొంత అభిప్రాయం, మిగతాది ఫోన్లు.

ఆ ఫోన్లే ఆమెకి లోకమయ్యాయి. లంకెలపాలెం నుంచి పార్వతి, కొత్తూరు నుంచి ఒక రిటైర్డ్ మేష్టారు, పేరు చెప్పకుండా "మీ అమ్మమ్మనే అనుకో" అనే ఒక ముసలావిడ. వాళ్ల మోకాళ్ల నొప్పులు, కోడళ్ల కబుర్లు, వీధి కుళాయి గొడవలు. ఇంటికెళ్లి వంట చేసుకుంటూ వాళ్లకి రేపు ఏం చెప్పాలో పైకే అనుకునేది. పార్వతి కూతురికి గుండెకి చిల్లుందని తెలిసినప్పుడు, ఆ పాప కరుణ పేరు మీద వరసగా మూడు శుక్రవారాలు ఉపవాసం ఉంది.

ఈ రోజూ శుక్రవారమే. పొద్దుటి నుంచి ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

*

స్టూడియో అంటే మేడ మీద ఒక పాత గోడౌను. బయటి చప్పుడు రాకుండా గోడలకి గోనెసంచులు కొట్టి, వాటి మీద నీలం గుడ్డ పరిచారు. ఒక బల్ల, బల్ల మీద ఫోను. అద్దం అవతల చిన్న గదిలో మీటలు, మానిటరు. కెమెరా, లైట్లు, మీటలు అన్నీ చూసుకునేది రూఫస్ ఒక్కడే. గొలుగొండ వైపు మనిషి, నలభై ఐదేళ్లుంటాయి, మితభాషి. భార్య సుజి రైల్వే స్టేషన్ దగ్గర ఎస్టీడీ బూతు నడుపుతుంది. ఆమెని కృపాజ్యోతి ఎన్నడూ చూడలేదు.

రూఫస్ స్టూలెక్కి లైటు సరిచేస్తున్నాడు.

"లంకెలపాలెం పార్వతి ఎవరు రూఫస్?"

అతని చేతులు ఆగాయి. స్టూలు దిగలేదు, వెనక్కి తిరగలేదు. తాతబ్బాయి గదిలో ఏం జరిగిందో ఆ ఒక్క ప్రశ్నతో అతనికి తెలిసిపోయింది.

"టీచరుగారండి..."

"ఎవరని అడుగుతున్నాను."

"సుజి."

"కొత్తూరు మేష్టారు?"

"మా బూతు పక్కన వాచీలు బాగుసేసే ఆయన. ఆయనకి సరదా అండి, మాటాడ్డం."

"మీ అమ్మమ్మనే అనుకో అనే పెద్దావిడ?"

రూఫస్ స్టూలు దిగాడు. లైటు వేడికి కాలిన వేళ్లు చొక్కాకి రాసుకున్నాడు. "అదీ సుజియేనండి. మైకుకి కొంగడ్డెట్టి మాటాడేది."

కృపాజ్యోతి గోడకి ఆనుకుంది. ఆ పెద్దావిడ ఒకసారి "ఏం కూర వండుకున్నావమ్మా?" అని అడిగింది. తల్లి పోయాక తనని ఆ మాట అడిగిన మనిషి ఆవిడొక్కతే. జవాబు చెప్పబోయి, వార్తల కాగితం తిరగేస్తున్నట్టు తలవంచుకుంది ఆ రోజు.

"సరే," అంది. "నేను అభాసుపాలు కాకూడదని చేశావు, అంతేనా? జాలి పడ్డావు. కానీ ఆ పాప మాటేమిటి? గుండెకి చిల్లున్న పాపని కూడా కల్పించాలా? చర్చి సంఘంలో ఆ పిల్ల పేరు చదివించాను రూఫస్. ఎనభై ఏళ్ల ముసలాళ్లు మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేశారు. నేను ఉపవాసాలున్నాను. లేని పిల్ల కోసం!"

చివరి మాట అరుపులా వచ్చింది. ఆ గదిలో ఆమె గొంతు అంత పెద్దది కావడం అదే మొదటిసారి. గోనెసంచులు ఆ అరుపుని మింగేశాయి.

రూఫస్ తలవంచుకుని స్టూలు గోడ వారకి జరిపాడు.

"ఉండేదండి," అన్నాడు చివరికి.

"ఏమిటి?"

"పాప. ఉండేదండి. మా పాపే. పేరు కరుణే. రెండేళ్ల నాలుగు నెల్లు బతికింది. పోయి తొమ్మిదేళ్లయింది."

కృపాజ్యోతి గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆవేళ సుజి నీటి కుళాయి గురించి మాటాడాలండి. నాను కాగితం మీద అదే రాసిచ్చేను. మీరేమో, పిల్లలెంతమందమ్మా అని అడిగేరు. అడిగేసరికి ఒక పాప, గుండెకి సిల్లుంది అనేసింది. నాను లోపల హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇంటన్నాను. పాప పోయిన కాడ్నించి సుజి ఆ కబురు నాతో ఆడలేదండి. ఒక్కసారంటే ఒక్కసారి ఆడలేదు. ఫొటో కూడా ఎక్కడో దాసీసింది. మీతో ఆడింది. పాప ఏటి తింటాది, ఏ పక్కకి తిరిగి పడుకుంటాది, అన్నీ మీతోటే సెప్పింది. రోజూ పన్నెండున్నరకి తల దువ్వుకుని బూతులో కూకునేదండి, మీకు ఫోను సెయ్యడానికి." అతను మొహం తుడుచుకున్నాడు. "మీరు ఉపాసం అని సెప్పిన రోజు ఆవిడా అన్నం ముట్టుకోలేదు. తప్పేనండి. నాకు తెలుసు, తప్పే. ఆపమని ఎలాగ సెప్పను ఆవిడికి?"

కృపాజ్యోతికి కోపం రావాలనే అనిపించింది. వచ్చిన కోపం నిలవడానికి చోటు దొరకలేదు. తను ఒక ఇంట్లో ఒంటరిగా కూర్చుని అవతలి గొంతు కోసం ఎదురుచూసినట్టే, ఆ బూతు గాజు తలుపు వెనక ఇంకొక ఆడది తన గొంతు కోసం కాచుకుని ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎరగరు.

అయినా గుండెలో ఒక మూల ఏదో ఖాళీ అయిపోయింది. ఆమె అడగవలసింది ఇంకొకటి మిగిలి ఉంది. అడగాలంటే భయం వేసింది.

"బుల్లమ్మ?"

"ఆవిడ మా మనిషి కాదండి."

"నిజం చెప్పు రూఫస్. ఇక నన్ను బుజ్జగించొద్దు."

"బైబిలు మీద..."

"ఒట్టు వద్దు. ఎలా తెలుసో చెప్పు."

"మంగళారం సుజి ఒంటిగంటా ఇరవైకి సెయ్యాలి. మనకున్నది ఒకటే లైను కదండీ. ఎన్నిసార్లు కొట్టినా ఎంగేజీ వచ్చిందంట. అదేటి, నాను సెయ్యకుండా ఎవులితో మాటాడతన్నారు అని కంగారు పడిపోయి, బూతు కట్టీసి పరిగెట్టుకొచ్చి కింద మెట్ల కాడ నిలబడింది. నానూ లోపల బెదిరిపోయేను. పదకొండు వారాల్లో మనకి బయట్నించి వచ్చింది అదొక్కటే ఫోనండి. నిజమైంది అదొక్కటే."

పన్నెండూ నలభై అయింది. కృపాజ్యోతి వెళ్లి బల్ల వెనక కుర్చీలో కూర్చుంది. సంచిలోంచి కాగితం తీసి ఇంకోసారి చదివింది. కల్పితమని తేలింది, అట. ఇన్ని కల్పితాల మధ్య నోరు తెరిచి నిజం చెప్పుకున్న ఒక్క మనిషినీ అబద్ధాలకోరని తన నోటితో చదవాలి. చదివి, నమస్కారం పెట్టి, ఇంటికి వెళ్లి, తలుపు తీసుకుని ఆ రెండు గదుల్లోకి వెళ్లాలి.

"రూఫస్, సుజికి చెప్పు. ఇవాళ ఫోను చెయ్యొద్దని. వాచీలాయన్ని కూడా వద్దను. ఎవరూ చెయ్యకూడదు."

"ఫోను రాపోతేనండి? అరగంట టైముంటాది."

"రాకపోతే రాలేదనే కనబడనీ."

*

సరిగ్గా ఒంటిగంటకి కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది.

వార్తలు మామూలుగానే చదివింది. బెల్లం మార్కెట్‌కి వచ్చిన దిమ్మల లెక్క, కొండకర్ల ఆవ సరస్సులో పడవ పోటీల సంగతి, మునిసిపల్ కుళాయి నీళ్ల వేళలు. గొంతు ఎక్కడా వణకలేదు. వార్తలయ్యాక కాగితాలన్నీ పక్కన పెట్టేసింది.

"ఇవాళ్టితో 'ఒంటిగంట మాట' ఆగిపోతోందండి," అంది. "వెళ్లేముందు చదవమని నాకు రెండు వాక్యాలిచ్చారు. మంగళవారం బుల్లమ్మ గారు చేసిన ఫోను అబద్ధమని చదవమన్నారు. నేను చదవను. ఎందుకంటే ఆవిడ అబద్ధమాడలేదు. ఇన్నాళ్లూ నాతో మాట్లాడిన వాళ్లందరూ నాకు కావలసిన వాళ్లే. పార్వతీ, ముఖ్యంగా నువ్వు. నీ పాప కోసం చేసిన ప్రార్థన వృథా పోదమ్మా. కానీ ఇవాళ ఈ లైను మీకెవరికీ కాదు. పైడిరాజు గారిని ఎరిగినవాళ్లు, చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల కోసం. నంబరు తెర మీద కనిపిస్తోంది. నేను కూర్చుంటాను."

అద్దం అవతల రూఫస్ కళ్లు ఒత్తుకోవడం ఆమెకి కనిపించింది.

ఆమె కూర్చుంది.

ఒక నిమిషం గడిచింది. రెండు. అయిదు. టీవీ తెర మీద ఒక మనిషి ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం ఎంత సిగ్గుగా ఉంటుందో ఆమెకి అప్పుడు తెలిసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. నుదుటి మీద చెమట ముక్కు దాకా జారింది, తుడుచుకోలేదు. కింద రోడ్డు మీద ఆటో హారను, అరటిపళ్లవాడి కేక సన్నగా వినిపిస్తున్నాయి. ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎన్ని టీవీలు, ఎన్ని వంటిళ్లు! ఏ ఒక్కదాంట్లోనూ తనని చూస్తున్నవాళ్లు లేరేమో. తాతబ్బాయి ఒక్కడు చూస్తూ ఉంటాడు, ముద్ద నోట్లో పెట్టుకోకుండా. ఈపాటికి చెయ్యి కడుక్కుని స్కూటరు తీసి ఉంటాడు. అతనిల్లు ఊరికి అవతలి చివర.

ఎనిమిది నిమిషాలు. ఫోను మోగలేదు.

తల్లి చనిపోయిన రోజు, అందరూ భోజనాలకి వెళ్లాక, ఆ గదిలో తనొక్కతే మిగిలిన ఒక గంట ఉంది. ఆ గంట మళ్లీ వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నట్టుంది. ఇప్పుడు తేడా అల్లా ఒక్కటే, దీపాలు మొహం మీద ఉన్నాయి.

పన్నెండో నిమిషంలో ఫోను మోగింది.

ఆమె ముందు రూఫస్‌ని చూసింది. అతను రెండు చేతులూ పైకెత్తి, తల అడ్డంగా ఊపాడు. మేం కాదు, మేం కాదు.

రిసీవరు ఎత్తింది. అవతల బిళ్ల పడిన చప్పుడు. రూపాయి ఫోను. తర్వాత బస్సు హారను, గిన్నెల చప్పుడు, ఒక మగవాడి ఊపిరి.

"టీచరమ్మేనా?"

"నేనే. చెప్పండి."

"మా వోటల్లో జనరేటరుంటాదండి. ఈ టైంలో నానే మీ పోగ్రాం పెడతాను. ప్లేట్లు కడుక్కుంటా రోజూ సూత్తానండి."

రోజూ చూస్తాడట.

"మీ పేరేమిటండి?"

అవతల మనిషి తటపటాయించాడు. "పైడిరాజునండి. నాను సచ్చిపోనేదండి. పారిపోనూ నేదు. దాక్కున్నాను."

కృపాజ్యోతి రెండు చేతులతో రిసీవరు పట్టుకుంది. "బుల్లమ్మ గారు మీ కోసం..."

"ఇన్నానండి. మంగళారం ఇన్నాను. దాని ఏడుపు ఇని, సేతిలో ప్లేట్లు పడీసినాను. అయినా ఎల్లనేకపోయేను. ఎల్తే నన్నూ ఉంచరు. ఇయ్యాల మీరలాగ ఊరికే కూకునుంటే సూడనేక ఒచ్చేనమ్మా. నా కోసం కూకున్నారు కదా మీరు."

"ఎవరు ఉంచరు? ఆ రోజు ఏమైంది పైడిరాజు గారూ?"

"రాళ్లు పేల్చే మందు ముందే పేలిపోయిందండి. నానూ, ఇంకొకడూ ఉన్నాం. నాను ఇవతలకి పడ్డాను, ఆడు అడుగునుండిపోయేడు. ఇంకా ఊపిరుంది, ఆస్పత్రికి తీసుకెల్దాం బాబూ అని కాళ్లట్టుకున్నాను. కాంట్రాక్టరు మనుసులు మిసను ఎట్టి రాళ్లు తోసీసినారమ్మా. ఆడి మీదే. నాను సూసీసేనని తెలిసి నా ఎనకాల పడ్డారు."

కింద స్కూటరు ఆగింది. మెట్ల మీద బరువైన అడుగులు. రూఫస్ కంట్రోలు గదిలోంచి లేచి, మెట్ల వైపు తలుపుకి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. మరుక్షణం తలుపు దబదబ మోగింది.

"రూఫసూ! కట్టీరా! లైను కట్టీ! మన కొంపలు ముంచేత్తాది ఆవిడ!"

మెట్ల గదిలో కూడా ఒక టీవీ ఉంది. లోపల జరిగేదంతా అందులో వినిపిస్తూనే ఉంది.

"నా కోసం బుల్లమ్మ ఉందమ్మా," అంటున్నాడు పైడిరాజు. "ఏడిసింది, అడిగింది. ఆడికి ఎవులూ నేరు. ఆడి కోసం మీకు ఎవులూ పోను సెయ్యరు. అందుకే ఆలకంత ధైర్యం. ఆడెక్కడున్నాడో నాకు తెలుసు. సూపిత్తాను."

ఫోనులో టిక్కుమని చప్పుడైంది. బిళ్ల కాలం అయిపోతున్న గుర్తు.

"ఇంకో బిళ్ల నేదమ్మా నా కాడ."

"పేరు చెప్పండి," అంది కృపాజ్యోతి, పెన్ను తీసి. "ముందు అతని పేరు చెప్పండి. పదిమంది విననీ."

తలుపు మీద తాతబ్బాయి రెండు పిడికిళ్లతో బాదుతున్నాడు. గడియ కదులుతోంది. రూఫస్ కాళ్లు నేలకి తన్నిపెట్టి నిలబడ్డాడు.

"ఆడ్ని పరదేశి అనీవోల్లమండి. ముప్పై ఐదేళ్లుంటాయి. మా అన్నతో గొడవడి ఇంట్లోంచి ఒచ్చీసేను, పదేళ్లయింది అనీవోడు. ఎడం సేతికి సిటికినేలు నేదు. సిన్నప్పుడు మేడ మీద టీవీ తీగ లాగతంటే తెగిపోయిందంట."

తలుపు మీద దెబ్బలు ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దం ఎంత ఉన్నట్టుండి వచ్చిందంటే, రూఫస్ తిరిగి తలుపు కేసి చూశాడు. రెండు క్షణాలు ఏమీ వినిపించలేదు. తర్వాత తలుపు అవతల ఏదో బరువుగా మెట్ల మీద చతికిలబడిన చప్పుడైంది. తాతబ్బాయి గొంతు వినిపించింది. అది యజమాని గొంతులా లేదు.

"రూఫసూ... ఆ ఫోను కట్టీయకురా. ఇంటిపేరు అడగమనరా ఆవిడ్ని. ఆడి ఇంటిపేరేటో అడగమను."

కృపాజ్యోతి అప్పటికే అడుగుతోంది. "హలో? పైడిరాజు గారూ, పరదేశి ఇంటిపేరేమిటి? హలో!"

లైను తెగిపోయింది.